బొగ్గు డ్రమ్ము నుంచి కట్టెల ఆఫ్‌సెట్ స్మోకర్‌కి మారదామని: ప్లేటు, కొలతలు, కట్టె గురించి సలహా కావాలి

వంశధార_గట్టు:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం టౌనుకి ఆనుకుని, కళింగపట్నం వెళ్ళే రోడ్డు వైపు. పెరట్లో 200 లీటర్ల డ్రమ్ముతో చేసిన బొగ్గు స్మోకర్ ఉంది. కోడి, పంది బాగానే వస్తున్నాయి. కానీ బొగ్గు మీద రెండు చెక్కముక్కలు పడేస్తే వచ్చే పొగ వేరు, కట్టె మంట మీదే మొత్తం వండితే వచ్చే రుచి వేరు. అందుకని పక్కన ఫైర్‌బాక్స్ (కట్టె కాలే పెట్టె) ఉండే ఆఫ్‌సెట్‌కి మారాలనుకుంటున్నాను. ఒక విడతలో రెండు మేక తొడలు, నాలుగు కోళ్ళు పట్టాలి.

రెడీమేడ్ కొనాలా, ఇక్కడే వెల్డింగ్ షాపులో చేయించాలా? చేయిస్తే ప్లేటు ఎంత మందం, ఏ కొలతలు చెప్పాలి? మన దగ్గర దొరికే కట్టెల్లో ఏది పనికొస్తుంది, ఏది ముట్టుకోకూడదు? ఇంకోటి, బొగ్గుకైతే కింద గాలి కంత తిప్పి వేడి సర్దుకోవడం అలవాటు. కట్టె మంటకీ అదే పద్ధతా? అనుభవం ఉన్నవాళ్ళు అంకెలతో సహా చెబితే షాపులో కాగితం మీద గీసి ఇస్తాను.

బొబ్బిలి_ప్లేటు:

చేయించుకోండి. తక్కువ ధరకి అమ్మే రెడీమేడ్ ఆఫ్‌సెట్లు చాలావరకూ ఒకటిన్నర, రెండు ఎంఎం రేకువే. ఆ రేకు వేడిని పట్టి ఉంచలేదు. కట్టె వేయగానే 160 డిగ్రీలకి ఎగురుతుంది, ఆ కట్టె నిప్పులయ్యేలోపు వందకి పడిపోతుంది. మూత చుట్టూ సందులు వేరే. రెండు వానాకాలాలకి, అందులోనూ మీకు సముద్రపు గాలి కాబట్టి, ఫైర్‌బాక్స్ అడుగుని తుప్పు తినేస్తుంది.

మీ అవసరానికి ఛాంబర్ (మాంసం పెట్టే గొట్టం) 20 అంగుళాల వ్యాసం, 40 అంగుళాల పొడవు సరిపోతుంది. 6 ఎంఎం ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుప ప్లేటు) వాడండి. ఫైర్‌బాక్స్ ఘనపరిమాణం ఛాంబర్‌లో మూడో వంతుకి తగ్గకూడదు. ఛాంబర్ సుమారు 12,500 ఘనపుటంగుళాలు, మూడో వంతు అంటే దాదాపు 4,200. అంటే పొడవు, వెడల్పు, ఎత్తు 16 అంగుళాలుండే పెట్టె (సుమారు 4,100) కూడా కాస్త తక్కువే పడుతుంది. నేనైతే 18 అంగుళాలు చెప్పండంటాను. పెట్టె పెద్దదైతే మంట చిన్నదైనా ఊపిరాడుతుంది, అడుగున బూడిదకీ చోటుంటుంది. ప్లేటు మందం పెంచదలుచుకుంటే డబ్బు ఫైర్‌బాక్స్ మీద పెట్టండి, అక్కడ 8 ఎంఎం వేయండి.

బరువు ముందే లెక్క వేసుకోండి. 6 ఎంఎం ప్లేటు చదరపు మీటరుకి 47 కిలోలు. ఛాంబర్, దాని చివరలు, ఫైర్‌బాక్స్, స్టాండు, జల్లెడలు కలిపి 200 కిలోల దగ్గర తేలుతుంది. చక్రాలు పెట్టించినా మట్టి నేల మీద కదలదు. ఎక్కడ ఉండాలో అక్కడ నాలుగు కాళ్ళ కిందా కాంక్రీటు దిమ్మెలు వేయించండి.

ఛాంబర్‌కి వాడే పైపు కోసం విశాఖ గాజువాక ఆటోనగర్ వైపు పాత ఇనుము షాపుల్లో వెతకొచ్చు. పాత కంప్రెసర్ గాలి ట్యాంకు దొరికితే ఇంకా మంచిది, చివరలు గుండ్రంగా ముందే ఉంటాయి. లోపలి నూనెంతా మంట పెట్టి కాల్చేయాలి. నీటి పైపులకైతే లోపల సిమెంటు పూతో ఎపాక్సీ పూతో ఉంటుంది, అది పూర్తిగా గీకాలి. జీఐ (జింకు పూత పూసిన) పైపు, జీఐ రేకు అసలు వద్దు. వెల్డింగ్‌లోనూ ఫైర్‌బాక్స్ వేడికీ జింకు పొగ వస్తుంది, అది మనిషికి మంచిది కాదు. గ్యాస్ సిలిండరు కోయించాలన్న ఆలోచన కూడా వద్దు. అది ఆయిల్ కంపెనీ సొత్తు, పైగా ఖాళీ అనుకున్నదాంట్లో మిగిలిన గ్యాసు గ్రైండర్ నిప్పురవ్వకి పేలుతుంది. రంగులు, పురుగుమందులు, రసాయనాలు పోసిన డ్రమ్ములకీ దూరంగా ఉండండి.

షాపులో ఎక్కువమంది పొరబడేది మూత దగ్గర. పైపు చుట్టినప్పటి బిగువు లోహంలో దాగి ఉంటుంది. మూత నాలుగు వైపులా ఒకేసారి కోసేస్తే ముక్క విచ్చుకుంటుంది, మళ్ళీ అదే కంతలో కూర్చోదు. కాబట్టి గీత గీసి, కబ్జాలు వచ్చే వైపు ముందు కోసి, అక్కడ కబ్జాలు వెల్డు చేసి, ఆ తర్వాతే మిగిలిన మూడు వైపులూ కోయాలి. కోస్తూ ఉండగా మూలల్లో చిన్న వెల్డు టాకాలు వేసి ఉంచి, చివర్లో తెంపాలి. ఆపైన మూత అంచుల చుట్టూ ఒకటిన్నర అంగుళం ఫ్లాటు పట్టీ, సగం మూత మీద, సగం బయటికి ఉండేలా. గ్రైండర్ చేసిన సందుని ఆ పట్టీ కప్పేస్తుంది.

ఫైర్‌బాక్స్‌కీ ఛాంబర్‌కీ మధ్య కంత: ఛాంబర్ అడుగు నుంచి నాలుగుంపావు అంగుళాల ఎత్తు వరకూ, పైన తిన్నగా, కింద పైపు వంపుతో. అంత కోస్తే 48 చదరపు అంగుళాల దాకా వస్తుంది, ఈ సైజుకి చాలు. కంత పై అంచు మాంసం పెట్టే జల్లెడ కంటే కిందే ఉండాలి. జల్లెడ పైపు మధ్యగీతకి రెండంగుళాల కిందుగా పెడితే వెడల్పూ దక్కుతుంది, కోడి నిలబెట్టినా మూత తగలదు. కంత ముందు ఒక ప్లేటు ముక్క వాలుగా వేస్తే మంట నాలుక నేరుగా మొదటి ముక్కని తాకదు.

పొగగొట్టం 5 అంగుళాల పైపు, 3 అడుగులు. ఫైర్‌బాక్స్‌కి ఎదురు చివర, జల్లెడ మట్టంలో కంత పెట్టి అక్కడి నుంచి పైకి లేపండి. ఛాంబర్ నెత్తిన పెడితే వేడి పైపైనే పోతుంది, మాంసాన్ని ఒరుసుకుంటూ పోదు. అడుగున ఒక అంగుళం పైపు, కొవ్వు కారడానికి. ఛాంబర్‌ని అటు వైపు కాస్త వాలుగా నిలబెట్టండి. ఇది మర్చిపోతే అడుగున చేరిన కొవ్వు ఏదో ఒక రోజు అంటుకుంటుంది.

నాగావళి_నిప్పు:

బొబ్బిలి గారు ఇనుము సంగతంతా చెప్పేశారు. నేను మంట సంగతి చెబుతాను. ఆఫ్‌సెట్ కొన్నవాళ్ళు మాంసం చేదెక్కిందని వదిలేసేది ఇక్కడే.

మీ చివరి ప్రశ్నకి జవాబు: కాదు, అదే పద్ధతి కాదు. బొగ్గులో ఆవిరయ్యేదంతా ముందే పోయింది, గాలి తగ్గిస్తే నెమ్మదిగా కాలుతుంది, అంతే. కట్టె అలా కాదు. వేడెక్కిన కట్టె నుంచి ముందు వాయువులు బయటికొస్తాయి. వాటికి గాలీ వేడీ చాలినంత ఉంటే మంటగా కాలిపోతాయి. గాలి బిగిస్తే సగం కాలి, తెల్లగా చిక్కటి పొగై, చల్లటి మాంసం మీద తారులా అతుక్కుంటాయి. నాలుక మీద చిరుచేదు, పెదవులు మొద్దుబారినట్టు ఉండటం దానివల్లే. ఒకసారి పట్టాక కడిగినా పోదు.

కాబట్టి పొగగొట్టం మూత ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంచండి. గాలి కంత కూడా చాలావరకూ తెరిచే. ఫైర్‌బాక్స్ తలుపు రెండంగుళాలు ఓరగా తీసి వండినా తప్పులేదు, అందుకని తలుపు ఓరగా ఆగేలా కొక్కెం పెట్టించుకోండి. వేడి సర్దాల్సింది కట్టె సైజుతో. చిన్న మంట, ఎప్పుడూ నాలుక కనిపిస్తూ ఉండాలి.

మొదలుపెట్టే పద్ధతి: రెండున్నర మూడు కిలోల బొగ్గు పూర్తిగా రాజేసి ఫైర్‌బాక్స్‌లో పోయండి, దాని మీద రెండు పేళ్ళు. తలుపు, మూత, కంతలు అన్నీ బార్లా. పేళ్ళు భగ్గున అంటుకున్నాక ఛాంబర్ మూత వేయండి. 6 ఎంఎం ఇనుము వేడి పట్టడానికి ముప్పావు గంట, గంట పడుతుంది. ఈలోపు మాంసం పెట్టకండి. పొగగొట్టం దగ్గర పొగ పలచబడి, లేత నీలంగానో కంటికి ఆననట్టుగానో అయ్యి, గొట్టం నోటి దగ్గర గాలి వేడికి అలలు అలలుగా కనిపిస్తుంటే అప్పుడు పెట్టండి.

ఆ తర్వాత ముప్పై, నలభై నిమిషాలకి ఒక పేడు. పేడు పొడవు అడుగు, లావు మణికట్టంత. తర్వాత వేయబోయే పేడుని ఫైర్‌బాక్స్ నెత్తిన పెట్టి ఉంచితే వేడెక్కి, లోపల పడగానే పది, పదిహేను సెకన్లలో అంటుకుంటుంది. చల్లటి పేడు వేస్తే రెండు మూడు నిమిషాలు తెల్లపొగ ఊదుతుంది. వేశాక అంటుకునేదాకా తలుపు మూయకండి. లక్ష్యం 120 నుంచి 135 డిగ్రీలు. పేడు పడ్డప్పుడు పదిహేను డిగ్రీలు పైకి, అయిపోయేటప్పుడు అంతే కిందికి, అలా ఊగడం మామూలే. దాని వెంట పరుగెత్తకండి.

వేడి పడిపోతుంటే ముందు నిప్పుల మంచం చూడండి. కణికలు పలచబడితే పేడు అంటుకోదు. అప్పుడు రెండు సన్న పేళ్ళు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేయాలి. కణికలు బాగానే ఉండి కూడా మంట లేవకపోతే గాలి ఆగినట్టు. బూడిద జల్లెడ కిందిదాకా నిండి ఉంటుంది, లాగేయండి. పొయ్యి జల్లెడ 16 ఎంఎం చువ్వలతో, అడుగు నుంచి కనీసం మూడంగుళాల ఎత్తులో చేయించమనేది ఇందుకే. సన్న చువ్వలు ఆ వేడికి వంగిపోతాయి.

మూత మీద బిగించే గడియారం థర్మామీటరు పై వేడి చెబుతుంది, జల్లెడ దగ్గర వేడి వేరు. కే టైపు సెన్సారుతో (ఎక్కువ వేడిని కొలిచే తీగ) డిజిటల్ మీటరు కొని, జల్లెడ మట్టంలో మాంసానికి రెండంగుళాల ఎడంగా కట్టండి. ఫైర్‌బాక్స్ వైపు, పొగగొట్టం వైపు రెండు చోట్లా కొలిస్తే తేడా తెలుస్తుంది. వేడెక్కువున్న వైపు మేక తొడల లావు భాగం పెట్టండి.

గజపతి_కట్టెలు:

కట్టె గురించి. ముందు తేమ, తర్వాతే జాతి. ఎంత మంచి మామిడైనా పచ్చిదైతే వంట పాడే. పిన్నులు గుచ్చే తేమ మీటరు తీసుకోండి. పేడుని అప్పటికప్పుడు చీల్చి, లోపలి తాజా ముఖం మీద గుచ్చి చూడాలి. 15 నుంచి 20 శాతం ఉండాలి. పైన గుచ్చితే ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, మోసపోతారు. మీటరు లేకపోతే రెండు పేళ్ళు కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి బొద్దుగా మోగుతాయి. చివర్లలో చీలికలు పడి, బెరడు ఊడొస్తుంటే ఎండినట్టే.

మన వైపు దొరికేవాటిలో వేడి కోసం సరుగుడు. గట్టి కట్టె, బాగా కాలుతుంది, తీరమంతా తోటలే కాబట్టి అడితిలో ఎప్పుడూ ఉంటుంది. బెరడు తీసేసినది తీసుకోండి. రుచి కోసం మామిడి, జామ. మామిడి పొగ తేలికగా ఉంటుంది, కోడికీ చేపకీ బాగుంటుంది. జామ కాస్త తీపి వాసన, మేకకి ఇదే నా ఓటు. నా లెక్కలో రెండు పేళ్ళు సరుగుడు వేస్తే ఒక పేడు జామ. చింత చాలా వేడి కట్టె, కణికలు ఎంతసేపైనా నిలుస్తాయి. చీల్చడమే కష్టం, కాబట్టి మిల్లులో కోయించుకోండి. ఫైర్‌బాక్స్‌లో అడుగు మంచంగా ఒక చింత దుంగ ఉంటే మిగతా పని సులువవుతుంది.

సర్కారు తుమ్మ అంటాం కదా, అది అమెరికాలో మెస్కీట్ అని వాడే చెట్టుకి దగ్గరి చుట్టమే, రెండూ ప్రోసోపిస్ జాతి. పొగ ఘాటు. అరగంటలో అయిపోయే కబాబుకి బాగుంటుంది, ఆరు గంటల వంటకి వాడితే చేదెక్కుతుంది. పూర్తిగా కణికలయ్యాక మాత్రం పనికొస్తుంది.

వద్దన్నవి: వేప చేదు. నీలగిరి కట్టెలో నూనె, మందు వాసన కొడుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త, అడితిలో జామ అని ఫోన్లో అడిగితే జామాయిల్ అనుకుని నీలగిరే పంపిస్తారు. వెళ్ళి బెరడు చూసి తెచ్చుకోండి. జామ బెరడు పలచటి పొరలుగా ఊడి లోపల నున్నగా, పచ్చగా గోధుమగా మచ్చలతో ఉంటుంది. జీడిమామిడి ఉద్దానంలో, పలాస వైపు చవకగా దొరుకుతుంది, తెచ్చుకోకండి. బెరడులో రసం చర్మాన్ని కాలుస్తుంది. జీడిపిక్కల తొక్కయితే పొయ్యి దగ్గరికే రానివ్వకండి, దాని నూనె పొగ కళ్ళనీ గొంతునీ మండిస్తుంది. గన్నేరు విషం, పుల్ల కూడా వాడకూడదు. రంగేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్, ప్యాకింగ్ పెట్టెలు, ఇవీ వద్దు.

లెక్కకి గంటకి రెండున్నర, మూడు కిలోల కట్టె పెట్టుకోండి. ఆరేడు గంటల వంటకి పాతిక కిలోలు దగ్గర ఉండాలి. కొనే పని నవంబరు, డిసెంబరులో చేసి, వెంటనే చీల్చేసి పేర్చండి, మే నెలకి తయారవుతాయి. దుంగగా ఉంచితే ఏడాదైనా లోపల పచ్చే. వానాకాలంలో పైన మాత్రమే రేకు కప్పాలి, పక్కలు తెరిచే ఉండాలి. టార్పాలిన్‌తో చుట్టేస్తే లోపల ఆవిరి పట్టి బూజొస్తుంది. నేల మీద పెట్టకండి, రెండు ఇటుకల ఎత్తున. చెద సంగతి మీకు తెలిసిందే.

వంశధార_గట్టు:

అందరికీ చాలా థాంక్స్. కొలతలు రాసుకున్నాను. ఇంకొన్ని అడుగుతాను. మూత సందులు మూయడానికి వేడి తట్టుకునే తాడు (రోప్) పెట్టొచ్చా? లోపల పెయింటు వేయాలా? గాలి సంగతి: మధ్యాహ్నం మాకు సముద్రం వైపు నుంచి గట్టిగా వీస్తుంది, స్మోకర్ ఏ ముఖంగా పెట్టాలి? మాంసం దగ్గర సమయాలు, లోపలి వేడి కూడా చెప్పండి. మా దగ్గర మేక కొట్టేవాళ్ళు తొడ అడిగితే ముక్కలు కొట్టేసి ఇస్తారు.

బొబ్బిలి_ప్లేటు:

రోప్ పెట్టొచ్చు, ఛాంబర్ మూతకి మాత్రమే. రైస్ మిల్లుల బాయిలర్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. గ్లాస్ ఫైబర్ రోప్ అని పేరుపెట్టి అడగండి. పాత సరుకులో ఆస్‌బెస్టాస్ రోప్ కూడా ఉంటుంది, అది తిండి దగ్గర వద్దు. ఎర్ర సిలికాన్ సీలెంటు మూతకి పరవాలేదు, ఫైర్‌బాక్స్ వైపు వాడితే కాలి కంపు కొడుతుంది. ఆఫ్‌సెట్‌లో గాలి లాగుతూ ఉంటుంది కాబట్టి చిన్న సందులకి కంగారు పడక్కర్లేదు. మూత పైఅంచు నుంచి పొగ కారితే మాత్రం సర్దాలి.

లోపల పెయింటు వేయకూడదు. బయట సైలెన్సర్లకి వాడే వేడి తట్టుకునే పెయింటు వేయించండి. ఫైర్‌బాక్స్ మీద అది కూడా ఒకటి రెండు మంటలకి రాలుతుంది. అక్కడ వేడిగా ఉన్నప్పుడు వంట నూనె గుడ్డతో పలచగా తుడుస్తూ ఉంటే నల్లటి పొర కడుతుంది, తుప్పు ఆగుతుంది. మొదటిసారి లోపలంతా నూనె రాసి, 150 దగ్గర గంట, తర్వాత 200 దాటించి రెండు గంటలు ఖాళీగా కాల్చండి. వంట అయ్యాక బూడిద ఆరోజో మర్నాడో తీసేయాలి. తేమ తగిలిన బూడిద క్షారం, అదే ఫైర్‌బాక్స్ అడుగుని తినేది.

ముఖం: గాలి ఫైర్‌బాక్స్ తలుపుకి పక్కవాటుగా తగలాలి. సూటిగా కొడితే మంట ఛాంబర్‌లోకి తోసుకొస్తుంది, వెనక నుంచి కొడితే పొగగొట్టం లాగడం మానేస్తుంది. రెండు రేకులు నిలబెట్టి అడ్డం పెట్టుకోవచ్చు. తాటాకు పాకలకీ గడ్డికుప్పలకీ బాగా ఎడంగా పెట్టండి. గొట్టం నోటికి ఇనుప జాలీ వేస్తే రవ్వలు ఆగుతాయి. ఆ జాలీకి మసి పడుతుంది, ప్రతిసారీ దులపండి, లేకపోతే లాగుడు తగ్గుతుంది. వాన పడుతోందని పోర్టికోలోకీ, మూసిన షెడ్డులోకీ తేవద్దు, కార్బన్ మోనాక్సైడ్ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

నాగావళి_నిప్పు:

మాంసం కొట్టుకి ముందురోజే వెళ్ళి, తొడ కొట్టకుండా ముక్కగా కావాలని చెప్పి పెట్టండి. పొట్టేలైతే ఇంకా మేలు, మేకలో కొవ్వు తక్కువ. వీలైతే ఒక తొడకి బదులు ముందుకాలు భుజంతో సహా తీసుకోండి. నిదానంగా వండితే భుజం మెత్తబడినంతగా తొడ మెత్తబడదు.

ఉప్పు కిలోకి 12 నుంచి 15 గ్రాములు, ముందు రాత్రే పట్టించి, మూత లేకుండా ఫ్రిజ్‌లో. మర్నాడు పైన మిరియాలు, వేయించిన ధనియాల పొడి, కారం. అల్లం వెల్లుల్లి ముద్ద దట్టంగా పట్టించకండి. పైపొర తడిగా ఉండిపోయి రంగు రాదు, నల్లబడుతుంది. కావాలంటే రాత్రి రాసి, పొద్దున తుడిచేయండి.

రెండు కిలోల తొడకి 125 డిగ్రీల దగ్గర మూడు, మూడున్నర గంటలు పొగ. లోపల 65, 70 డిగ్రీలు వచ్చాక వేడి పెరగడం ఆగినట్టుంటుంది. మాంసం మీద తేమ ఆవిరవుతూ చల్లబరుస్తుంది కాబట్టి అలా. కట్టె పెంచి తరమకండి. అప్పుడు అరటాకులో చుట్టి, పైన ఫాయిల్ గట్టిగా బిగించి, లోపల అరకప్పు మాంసం ఉడికించిన నీళ్ళు పోసి మళ్ళీ పెట్టండి. 93 నుంచి 95 దాకా. అంకె కంటే పుల్ల నమ్మకం: గుచ్చితే అడ్డం లేకుండా దిగాలి. మొత్తం ఐదు నుంచి ఆరు గంటలు. తీశాక చుట్టు విప్పకుండా ముప్పావు గంట ఆపండి.

కోళ్ళు స్కిన్‌తో కావాలని అడగండి, అడక్కపోతే వలిచేస్తారు. 120 దగ్గర వండితే తోలు రబ్బరులా సాగుతుంది. తొడలు ఫాయిల్లోకి వెళ్ళాక వాటికి పొగ అక్కర్లేదు, అప్పుడు మంట పెంచి 150, 160కి తెచ్చి కోళ్ళు పెట్టండి. తొడలు పొగగొట్టం వైపు జరపండి. ఒకటిన్నర కిలో కోడి గంటన్నర లోపు అవుతుంది. రొమ్ము లావు చోట 74 డిగ్రీలు, కాలు కీలు దగ్గర 80. ఒకే విడతలో రెండూ ఇలా కుదురుతాయి, భోజనం వేళ నుంచి వెనక్కి ఏడున్నర గంటలు లెక్కపెట్టి మంట వేయండి.